నేలకొదిగిన ద్రాక్ష

ద్రాక్ష యనగానే తెలుగువారికి పందిరి జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు పరిసరములలో అనాబ్-ఎ-షాహీ తోటలు పెంచిన రైతులు రాతికంబములు నాటి, ఇనుపతీగెలు బిగించి, తలకు పైయెత్తున పందిరి వేసి, దానిపై ద్రాక్షను ప్రాకించిరి. గుత్తులు క్రిందికి వ్రేలాడుచుండగా మనుష్యుడు వాని క్రింద నిటారుగా నడచిపోవచ్చును. ఇక సాహిత్యమున ద్రాక్ష మాధుర్యమునకు మారుపేరు. శ్రమ లేకయే రసము నందించు కవిత్వమును ఆలంకారికులు ద్రాక్షాపాకమనిరి. పీచు వలిచి, పెంకు పగులగొట్టినగాని రుచి తెలియని దానిని నారికేళపాకమనిరి.

ఈ రెండు భావములను ఒక్కసారిగా తలక్రిందులు చేయు ద్రాక్ష యొకటి గ్రీసు దేశమున కలదు. దానికి పందిరి లేదు, కంబము లేదు. అది నేలను విడిచి మోకాలి యెత్తునకు మించి లేవదు. దాని పండు తీపికంటె పులుపునకు ప్రసిద్ధి కెక్కినది. దాని పేరు అసీర్తికో. తెల్లని ద్రాక్షాసవమునకై గ్రీకులు తరతరములుగా పెంచుచు వచ్చిన జాతులలో నేడు విదేశములందు మిక్కిలి పేరు పొందినది ఇది. ఆసవము మాట ఎట్లున్నను, ఆ తీగె బ్రతికిన తీరు, దానిని బ్రతికించిన చేతుల నేర్పు, ఇప్పుడు ఆ రెండింటికిని వచ్చిన ఆపద తెలిసికొనదగినవి.

ఏజియన్ సముద్రమున సిక్లడీస్ అను ద్వీపముల గుంపు కలదు. అందు దక్షిణపు కొసన ఉన్నది సాంతొరీని. అధికార వ్యవహారమున దాని పేరు థీరా. విస్తీర్ణము సుమారు 76 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పటములో చూచినచో అది కొడవలివలె వంగి కనిపించును. ఆ వంపునకు కారణము ఒక అగ్నిపర్వతము. క్రీస్తుకు పూర్వము 1600 ప్రాంతమున అది మహాభీకరముగా ప్రేలినది. ద్వీపము నడిబొడ్డు కూలి సముద్రములో కలిసిపోయినది. మిగిలిన అంచులు నేటికిని సుమారు 300 మీటర్ల యెత్తున నిట్రముగా నీటిపై నిలిచియున్నవి. ప్రేలుడునకు ఎగసిన బూడిదయు, నురుగురాయియు దట్టమైన పొరలుగా భూమిని కప్పివేసినవి. ఆ పొరల క్రింద ఒక పట్టణమే పూడిపోయినది. గ్రీకు పురాతత్త్వవేత్త స్పిరిడాన్ మరినాటోస్ 1967లో అక్రోతీరి యను గ్రామము వద్ద త్రవ్వకములు మొదలుపెట్టగా, అంతస్తుల ఇండ్లు, రంగులు చెదరని గోడచిత్రములు, ధాన్యమును ద్రవములను నిలువచేసిన పెద్ద బానలు బయల్పడినవి.

ఒక నాగరికతను కప్పివేసిన ఆ బూడిదయే నేటి ద్రాక్షతోటలకు నేల యైనది. ద్వీపవాసులు దానిని 'ఆస్ప' అందురు. తెల్లగా, పొడిపొడిగా, గులకరాళ్ల వంటి నురుగురాళ్లతో నిండియుండు ఆ నేలలో బంకమన్ను దాదాపు లేదు. ఆకులు అలములు కుళ్లి యేర్పడు సారము కూడ మిక్కిలి స్వల్పము. తెలుగునాట రైతు ఎవడైనను అట్టి నేలను చూచి, ఇందులో ఏమి పండునని పెదవి విరుచును. కాని నిస్సారమైన ఆ నేలయే ఒకప్పుడు ఈ తీగెను మహాప్రమాదమునుండి కాపాడినది.

ఆ ప్రమాదము పేరు ఫిలొక్సెరా. అది కంటికి కనపడీ కనపడనంత చిన్న పురుగు. పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచ్చటి అడవిద్రాక్ష దాని కాటునకు అలవాటుపడి తట్టుకొనినది. 1860 తరువాత అది ఫ్రాన్సు దేశపు తోటలలో ప్రవేశించినది. పచ్చగా ఉన్న తోటలు కారణము తెలియకయే ఎండిపోసాగినవి. 1868లో ప్లాంషాన్ అను వృక్షశాస్త్రవేత్తయు, ఆయన సహచరులును చచ్చుచున్న తీగెల వేళ్లను పెకలించి చూచి, వానిపై గుంపులుగా మూగియున్న పురుగును కనుగొనిరి. ఎన్ని మందులు వాడినను అది చావలేదు. తుదకు దొరికిన ఉపాయము అంటుకట్టుట. అమెరికా ద్రాక్ష వేరుపై ఐరోపా ద్రాక్ష కొమ్మను అంటుకట్టి నాటిరి. నాటినుండి నేటివరకు ప్రపంచమున పెక్కు ద్రాక్షతోటలలో తల ఒక ఖండమునకు చెందినది, వేరు వేరొక ఖండమునకు చెందినది. సాంతొరీనిలో అట్లు కాలేదు. బంకమన్ను లేని ఇసుకనేలలో ఆ పురుగు మనలేదు. అందుచేత అచ్చటి అసీర్తికో నేటికిని తన వేరుపై తానే నిలిచియున్నది.

పురుగునుండి నేల కాపాడినది. కాని గాలినుండి కాపాడువారెవరు? ఏజియన్ సముద్రమున వేసవి యందు ఉత్తరపుగాలి విడువక వీచును. దానిని మెల్తెమి యందురు. అడ్డు నిలుచుటకు ఆ ద్వీపమున అడవులు లేవు. గాలి ఇసుకను ఎత్తి లేత చిగుళ్లపై కొట్టును. పూతను రాల్చును. పందిరి వేసినచో ఆ సంవత్సరమే కూలిపోవును. నిటారుగా పెంచినచో కొమ్మలు విరుగును. ఈ చిక్కునకు అచ్చటి రైతులు కనిపెట్టిన పరిష్కారము 'కులూర'. గుండ్రని చుట్ట యని ఆ మాటకు అర్థము.

ఆ పని చేయు విధము ఇది. శీతకాలమున తీగె ఆకు రాల్చి నిద్రించుచున్నప్పుడు రైతు దాని చెంత మోకరిల్లును. పనికిరాని కొమ్మలను కోసి, బలమైన కొన్నింటిని మాత్రము ఉంచును. వానిని విరుగకుండ మెల్లగా మెలిపెట్టి, నేలకు ఆనించి, ఒకదానితో నొకటి పెనవేసి గుండ్రముగా చుట్టును. మొదటి యేడు అది నీళ్లబిందె క్రింద పెట్టు చుట్టకుదురువలె ఉండును. మరుసటి యేడు క్రొత్త కొమ్మలతో దానిపై మరియొక చుట్టు వేయును. ఇట్లు ఏటికొక చుట్టు పెరిగి కొన్ని సంవత్సరములకు అది బుట్ట యగును. వేసవిలో చిగుళ్లు బుట్ట అంచుపై లేచి ఆకుల గొడుగు పట్టును. గుత్తులు బుట్ట లోపల పెరుగును. గాలి బుట్ట వెలుపలి మెలికలపై తగిలి జారిపోవును. మండుటెండ ఆకులపై పడునే కాని పండ్లపై పడదు. తెల్లవారుజామున సముద్రమునుండి వచ్చు తేమ ఆ గుంట వంటి నీడలో కొంతసేపు నిలుచును.

క్రొత్తగా చూచువారికి అది ద్రాక్షతోట యని తోచదు. బూడిదరంగు నేలపై అక్కడక్కడ, రెండు రెండున్నర మీటర్ల యెడమున, పొదలు ఎండిపోయి పడియున్నట్లు కనిపించును. ఆ యెడము కూడ లెక్క ప్రకారము ఉంచినదే. నీరు తక్కువైన నేలలో ప్రతి తీగెకును తన వేళ్లు పరచుకొనుటకు చాలినంత చోటు కావలెను.

నీటి సంగతి మరింత విచిత్రమైనది. కరవుసీమయని పేరు పడిన అనంతపురము జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున వాన కురియును. సాంతొరీనిలో 400 మిల్లీమీటర్లు కూడ కురియదు. ఆ కొంచెము వానయు చలికాలముననే కురిసి ముగియును. కాయ పెరుగు వేసవి నెలలలో చుక్క పడదనియే చెప్పవచ్చును. ద్వీపమున నదులు లేవు. అయినను తీగె బ్రతుకుచున్నది. నురుగురాయి నిండ సన్నని రంధ్రములుండును. చలికాలపు వానను, రాత్రివేళ సముద్రమునుండి వచ్చు మంచుతేమను అది పీల్చుకొని, ఎండకాలమున కొంచెము కొంచెముగా వేళ్లకు విడిచిపెట్టును. నేలయే కుండ యైనది.

ఈ తీగెలో అన్నిటికంటె ఆలోచింపదగిన విశేషము దాని వయస్సు. బుట్ట ఏండ్ల తరబడి పెరిగి పెరిగి, వేరునుండి పండునకు రసము పోవలసిన దారి చాల దీర్ఘమగును. సుమారు ముప్పాతిక శతాబ్దము గడచునప్పటికి కాపు తగ్గును. అప్పుడు రైతు బుట్టను మొదలంట కోసివేయును. చూచువారికి అది తీగెను చంపినట్లుండును. కాని వేరు చావలేదు. దానినుండి క్రొత్త మొలక లేచును. ఆ మొలకతో మరల మొదటి చుట్టు ఆరంభమగును. ఇట్లు ఒకే వేరుపై బుట్ట వెంట బుట్ట పుట్టుచు వచ్చిన తీగెలు కొన్ని కలవనియు, వాని వేళ్లకు కొన్ని శతాబ్దముల వయస్సు ఉండుననియు ద్వీపవాసులు చెప్పుదురు. వేరు ముత్తాతనాటిది, బుట్ట మనుమడు అల్లినది. కోయు వాడు తాను కోసిన దాని పూర్ణఫలమును తాను చూడకపోవచ్చును. అది తెలిసియే కోయును.

ఇంత కష్టమునకు ఓర్చిన తీగె ఇచ్చు పండు ఎట్టిది? పచ్చని పసుపువన్నె గల పండు. పండి తీయనైన తరువాత కూడ దాని పులుపు విరుగదు. ద్రాక్షలో ముఖ్యముగా రెండు ఆమ్లములుండును. ఒకటి ఆపిలుపండులో ఉండు మాలిక్ ఆమ్లము. రెండవది టార్టారిక్ ఆమ్లము, అనగా తెలుగువారు నిత్యము వాడు చింతపండునకు పులుపునిచ్చునదే. ఉష్ణప్రదేశములలో పండు ముదిరినకొలది మొదటిది వేడికి హరించిపోవును. అందుచేత ఎండసీమల ద్రాక్షలలో తీపి మిగిలి పులుపు చప్పబడుట సామాన్యము. అసీర్తికోలో రెండవ ఆమ్లమే అధికము. అది వేడికి అంతగా లొంగదు. పులుపును తగ్గించు పొటాసియము ఆ బూడిదనేలలో తక్కువగా ఉండుట మరియొక కారణము. తీపియు పులుపును రెండును నిండుగా నిలుచుట వలననే ఆ ఆసవమునకు గుణమును, నిలువయు కలిగినవి. లక్షణకర్తల ద్రాక్షాపాకమున ఈ ద్రాక్షకు చోటు లేదు. ఇది నారికేళమునకే దగ్గర.

నిలువ యుండు గుణము వలన ఈ ద్వీపపు ఆసవము పూర్వము ఓడలెక్కి దూరదేశములకు పోయినది. 13వ శతాబ్దమున ఇటలీ ప్రభువులు ద్వీపమును ఏలిరి. పరిశుద్ధ ఐరీను పేర నున్న ఒక దేవాలయమును బట్టి దీనికి సాంతొరీని యను పేరు వారి నోట స్థిరపడినది. పండిన గుత్తులను రెండువారముల వరకు ఎండలో పరచి, ముడుతలు పడిన పండ్లనుండి తీసిన తీయని ఆసవమునకు 'విన్‌సాంతో' అని పేరు. అందులో సగమునకు మించి అసీర్తికోయే యుండును. మిగిలినవి ఐదాని, అథీరి యను స్థానిక జాతులు. కొయ్యపీపాలలో కనీసము రెండేండ్లు నిలువ యుంచుదురు. రష్యాలోని సనాతన క్రైస్తవ సంఘము దీనిని ఆరాధనలలో వాడుటకు విశేషముగా కొనెడిది. 1917 విప్లవముతో ఆ అంగడి మూతపడినది.

దానిపై మరియొక దెబ్బ 1956 జూలై 9న తగిలినది. తెల్లవారు వేళ గొప్ప భూకంపము వచ్చి 53 మందిని బలిగొన్నది. ఇండ్లు కూలినవి. బ్రతికినవారిలో పలువురు మూటలు కట్టుకొని ప్రధానభూమికి తరలిపోయిరి. తోటలు పెక్కు బీడువడినవి. అయినను వేళ్లు నేలలోనే యుండెను. 1971లో గ్రీకు ప్రభుత్వము సాంతొరీని ఆసవమునకు ప్రదేశనామముతో చట్టరక్షణ కల్పించినది. 1980 దశకము చివరనుండి చల్లని ఉక్కుతొట్లలో పులియబెట్టు నూతన పద్ధతులు వచ్చినవి. గణితశాస్త్రము అభ్యసించిన పారిస్ సిగాలాస్ అను ద్వీపవాసి 1991లో తన ఊర ఆసవశాల స్థాపించెను. అట్టివారి కృషి వలన ఒకప్పుడు గ్రామముల నేలమాళిగలలో మాత్రమే తెలిసిన అసీర్తికో పేరు ప్రపంచమున ప్రాకినది. గిరాకి పెరిగినది. పండు ధర పెరిగినది.

ధర పెరిగినచో తోట పెరుగవలెను గదా! ఇచ్చట దానికి విరుద్ధముగా జరుగుచున్నది. ద్రాక్ష విలువ హెచ్చుచున్నకొలది ద్రాక్షనేల తగ్గుచున్నది. ఒకప్పుడు ద్వీపమునిండ నున్న తోటలు నేడు సుమారు వేయి హెక్టారులకు దిగినవి. దీనికి కారణములు మూడు.

మొదటిది నేల. సాంతొరీనిలో స్థిరనివాసులు 15 వేల పైచిలుకు. ఏటేట వచ్చు యాత్రికులు లక్షలకొలది. కొండ అంచున నిలిచి సూర్యాస్తమయము చూచుటకై వచ్చు వారికి గదులు కావలెను. గదికొక చిన్న ఈతకొలను కావలెను. ఎకరము తోట వందయేండ్లు కాచి ఇచ్చునది, అదే ఎకరమున లేచిన వసతిగృహము కొద్ది యేండ్లలో ఇచ్చును.

రెండవది మనుష్యుడు. కులూర అల్లుటకు యంత్రము లేదు. నడుము వంచి, మోకాళ్లపై నిలిచి, చేతితోనే చేయవలెను. పండు కోయుటయు అట్లే. ఆ పనిలో చేరిన యువకుడు నేర్పరి యగుటకు ఏండ్లు పట్టును. వసతిగృహమున చేరినచో ఆ వేసవినుండియే జీతము వచ్చును. యువకుని నిందించుట న్యాయము కాదు. తండ్రి నడుమునొప్పిని చూచి పెరిగిన వాడు అతడు.

మూడవది వాన. ఉన్న కొంచెము వానయు ఇటీవల తప్పుచున్నది. 2023, 2024 సంవత్సరములలో ఎండయు, అనావృష్టియు కూడి కాపు మిక్కిలి క్షీణించినది. శతాబ్దములుగా కరవునకు అలవాటుపడిన తీగెయే అలసిపోవుచున్నది. ఇవి చాలవన్నట్లు 2025 జనవరి చివర, ఫిబ్రవరి నెలలో ద్వీపపు సమీపమున భూమి వేలకొలది సార్లు కంపించినది. పదునొకండువేల మందికి పైగా జనము తాత్కాలికముగా ద్వీపము విడిచిపోయిరి. ఆ నెలలు తీగెను కోసి చుట్టవలసిన నెలలు కూడ.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. అసీర్తికో ఇప్పుడు సాంతొరీనిలో మాత్రమే లేదు. ఉత్తర గ్రీసున మాసిడోనియా ప్రాంతమున అది చక్కగా పెరుగుచున్నది. ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయకు చెందిన పీటర్ బ్యారీ 2006లో సాంతొరీనికి వచ్చి, దాని గుణమునకు ముగ్ధుడై, తరువాత కొమ్మలను తన దేశమునకు తెప్పించెను. అచ్చటి నేలలో అవి నాటుకొని ఆసవము నిచ్చుచున్నవి. జాతి నశించు భయము లేదు. ఇక చింత యేల?

ఈ ప్రశ్నలోనే అసలు విషయము దాగియున్నది. జాతి వేరు, తోట వేరు. జాతిని కొమ్మముక్కలో చుట్టి ఓడపై పంపవచ్చును. తోటను పంపుటకు వీలులేదు. తోట యనగా ఆ బూడిద, ఆ గాలి, ఆ ముదిరిన వేరు, వానితో పాటు ఏ కొమ్మను ఉంచవలెనో ఏ కొమ్మను తీయవలెనో తెలిసిన చేయి. క్లేర్ లోయలో తీగె వరుసలుగా నిలిచి పెరుగును. అచ్చట చుట్ట చుట్టవలసిన అవసరము లేదు. కావున సాంతొరీనిలో చుట్టువాడు లేకపోయిన నాడు, లోకమున అసీర్తికో మిగులును కాని కులూర మిగులదు. ఒక భాషలోని పదములన్నియు నిఘంటువున భద్రముగా నుండి, ఆ భాషను మాటాడు వారు లేకపోయినట్లగును.

ద్వీపమున ఇప్పుడు ఈ విషయమై రెండు పక్షములు కలవు. క్రొత్త తోటలనైనను వరుసలుగా నాటి, కొంచెము నీరు పెట్టి, పని సులువు చేసినగాని వ్యవసాయము నిలువదని కొందరి వాదము. వారు ఆ ప్రయోగములు చేయుచున్నారు కూడ. కులూర అలంకారము కాదు, గాలికిని ఎండకును మధ్య తీగె ప్రాణమును నిలిపిన కవచమది, దానిని విడిచినచో తీగె ఎన్నాళ్లు నిలుచునో చూడవలసియున్నదని మరికొందరి వాదము. రెండు పక్షములును తోట బ్రతుకవలెననియే కోరుచున్నవి. మొదటి పక్షము రైతు నడుమును తలచి మాటాడుచున్నది, రెండవ పక్షము తీగె మొదలును తలచి మాటాడుచున్నది. వరుసతోటలు కొన్ని వచ్చినను ముదివేరుల తోటలు మిగులవచ్చును. కాని ముదివేరుల తోటలను ఒకసారి పెకలించి పునాది త్రవ్వినచో మరల నాటుటకు శతాబ్దములు కావలెను.

దారి మూసికొనిపోయినదని అనరాదు. కొండవాలులలో సున్నము లేక రాయిపై రాయి పేర్చి గోడలు కట్టి, వాని నడుమ మెట్లుగా నేలను నిలుపు విద్య సాంతొరీనిలోను, తక్కిన గ్రీకు ద్వీపములలోను కలదు. అట్టి రాతిగోడల నిర్మాణవిద్యను గ్రీసు మొదలైన ఎనిమిది దేశముల పేర యునెస్కో సంస్థ 2018లో మానవజాతి వారసత్వముగా పరిగణించినది. గోడకు లభించిన గౌరవము గోడచాటున పెరిగిన బుట్టకును లభింపవలెనని కోరుట అత్యాశ కాదు. ఐతే గౌరవపత్రము తీగెను చుట్టదు. తగిన కూలి, తోటనేలపై కట్టడములకు అడ్డు, నేర్చుకొను వానికి నేర్పువాని ప్రక్కన కూర్చుండు అవకాశము - ఈ మూడును కూడినగాని ఆ విద్య ముందు తరమునకు చేరదు.

ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్త కాదు. కొన్ని విద్యలు పుస్తకమున చదివిన వచ్చును. కొన్ని విద్యలు చేయి పట్టి నేర్పినగాని రావు. ఎండుకొమ్మ ఎంత వంచిన వంగునో, ఎచ్చట విరుగునో చెప్పు గ్రంథము లేదు. అది వ్రేళ్లకు తెలియవలెను. వచ్చు శీతకాలమున ఆ బూడిదనేలపై వృద్ధుడొకడు మోకరిల్లి కొమ్మను చుట్టుచుండగా, దాని రెండవ కొసను పట్టుకొని యువకుడొకడు కూర్చుండెనా లేదా యనుదానిపై ఆ తోటల భవిష్యత్తు ఆధారపడియున్నది.